కొట్టిన చెయ్యి

ఫిబ్రవరి 11

అక్కా,

నీ పార్సిల్ అందింది. నా పాత నిఘంటువుకి కొత్త అట్ట బ్రహ్మాండంగా కుదిరింది, కానీ వీపు మీద పేరు తలకిందులుగా పడింది. నలభై ఏళ్లకు దగ్గరగా బైండింగ్ పని చేస్తున్న మనిషివి. నువ్వు తప్పు చేయడం నేను చూడటం ఇదే మొదటిసారి కాబట్టి దాన్ని సరిచేయించకుండా అలాగే దాచుకుంటున్నాను.

నాన్న బాగానే ఉన్నారు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కింద పోయే బస్సుల నంబర్లు పైకి చదువుతుంటారు. కొన్ని రోజులు నా పేరు తట్టదు గానీ బస్సు నంబరు మాత్రం తప్పరు. నువ్వు అడగవు, నేను చెప్పడం మాననూ మానను. సరే, పోనీ.

అసలు సంగతికి వస్తాను. నీకు ఫోన్‌లో వినిపించేటట్టయితే మంగళవారం సాయంత్రమే చేసేదాన్ని. నీకు వినిపించకుండా చేసినవాడు ఆ మంగళవారమే నా గదికి వచ్చాడు.

మీ లెక్కల మాస్టారు.

ముఖం చూసి పోల్చుకోలేదు. ఫైలు మీద పేరు చూశాను, కింద ‘వృత్తి: విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు’ అని ఉంది, ఆ కింద మీ స్కూలు పేరు. అమ్మ పళ్లు కొరుకుతూ ఆ పేరు ఎన్నిసార్లు పలికిందో! ఆర్నెల్ల కిందట మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయిందట. ఒంటరి మనిషి. మేనకోడలు ఆయన్ని వృద్ధాశ్రమంలో చేర్చాలంటోంది, ఆయనేమో నా ఇంట్లోనే ఉంటానంటున్నాడు. తేల్చేది ఒక కమిటీ. ఆ కమిటీ చదివేది, ఆయన ఒంటరిగా బతకగలడా అని మెదడు పరీక్షలు పెట్టి నేను రాసే నివేదిక ఒక్కటే.

పరీక్ష మొదలుపెట్టే ముందు మేమందరం ఒక కాగితం మీద సంతకం చేయాలి: ‘ఈ వ్యక్తితో నాకు పూర్వపరిచయం లేదు.’ పరిచయం ఉంటే ఫైలు పక్క గదికి ఇచ్చేయాలి. నేను సంతకం చేశాను. చూడటం పరిచయం కాదు కదా? నాకప్పుడు ఆరేళ్లు. నీకు మధ్యాహ్నం భోజనం డబ్బా ఇవ్వడానికి అమ్మ వెంట వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ చెయ్యి లేవడం, నీ ఎడమ చెంప మీద పడటం, గడియారం పట్టీ తెగి నలుపు తెలుపు గచ్చు మీద జారుతూ నా కాలి దగ్గరికి రావడం... నా జీవితంలో అంత స్పష్టంగా ఇంకేదీ గుర్తు లేదు.

నాన్నకి చెప్పాను, ఎవరొచ్చారో తెలుసా అని. కిటికీలోంచి చూస్తూనే, “వదిలెయ్యమ్మా, ముసలాడు. పాత సంగతులెందుకు?” అన్నారు. కూతురి చెవి పోగొట్టినవాణ్ణి వదిలెయ్యమంటున్నారు! నాకు కళ్లు తడిశాయి. ఆ పెద్దమనసు నాకు రాలేదు, అక్కా. రావాలనీ లేదు.

వచ్చే వారం రెండు రోజులు పరీక్షలు.

నీ
పిచ్చుక


ఫిబ్రవరి 19

పిచ్చుకకి,

పేరు తలకిందులుగా పడలేదు. పుస్తకాన్ని అరలో పడుకోబెట్టి చూడు, తిన్నగా కనిపిస్తుంది. ఇన్ని చదువులు చదివి పుస్తకం ఎలా పెట్టాలో తెలీదు డాక్టరమ్మకి.

ఇక్కడ పని తలకు మించి ఉంది. కోర్టువాళ్ల పాత రిజిస్టర్లు వచ్చాయి, మూడు వందలు, చెదలు తిన్నవి. మా షాపాయన నా ఎదురుగా నిలబడి పెదాలు పెద్దగా తిప్పుతూ ‘తొందర, తొందర’ అంటాడు. నాకు అర్థమైనా కానట్టు మొహం పెడతాను. చెవిటిదానికి ఉన్న సుఖాలు కొన్ని ఉన్నాయిలే.

నువ్వు రాసిన విషయం గురించి. ఆ ఫైలు పక్క గదికి ఇచ్చెయ్. నా తరఫున నువ్వేమీ చెయ్యకు. నేను అడగలేదు. ఆయన ఇంట్లో ఉంటాడో ఆశ్రమంలో ఉంటాడో ఆయన ఖర్మ. మళ్లీ చెబుతున్నాను, ఇచ్చెయ్.

రాత్రిళ్లు కళ్లద్దాలు లేకుండా చదవకు.

అక్క


ఫిబ్రవరి 27

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వూ నాన్నా ఒకటే. ఇద్దరూ మహాత్ములు. ఇంట్లో కోపం అంతా నా ఒక్కదాని వాటాకే వచ్చినట్టుంది.

ఫైలు ఇవ్వలేదు. పరీక్షలు అయిపోయాయి. నివేదిక నిన్న వెళ్లిపోయింది.

చెబుతాను విను. మా దగ్గరికి శిక్షణకి వచ్చే పిల్లలకి నేను ప్రతి ఏడూ ఒకే పాఠంతో మొదలుపెడతాను. బుద్ధి వేరు, ఉద్వేగం వేరు అనుకోకండర్రా అంటాను. కణతల లోపల బాదంగింజంత ముద్ద ఒకటి ఉంది. ఏదైనా ఎదురుపడగానే ముందు అది ఉలిక్కిపడుతుంది. నుదుటి వెనక ఉన్న భాగం తర్వాత తీరిగ్గా వచ్చి కారణాలు రాసుకుంటుంది. ఈ రెంటికీ మధ్య దారి తెగిన మనిషిని నేను చూశాను. లెక్కలన్నీ చక్కగా చేసేవాడు, కానీ రెండు చొక్కాల్లో ఏది వేసుకోవాలో తేల్చుకోలేక పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మంచం మీద కూర్చునేవాడు. ఏదీ ఇష్టం లేనివాడికి ఏదీ తోచదు. అలాంటప్పుడు కోపం లేనివాళ్లకి న్యాయం మాత్రం ఎలా తోస్తుంది? నా కోపం నాకు దారి చూపిస్తోందనే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను, ముప్పాతిక వంతు.

గదిలో ఆయన ఎదురుగా కూర్చున్నాను. మా గదికి కిటికీ ఉండదు. బల్ల, స్టాప్‌వాచీ, చెక్క ముక్కల పెట్టె, అంతే. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా. మర్యాదస్థుడు. “ఏమ్మా, నేను పాసవుతానా?” అని నవ్వాడు. “రాయండి, చూద్దాం,” అన్నాను. నీకు ఇలాంటి మాటే ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో!

‘వంటింట్లోంచి పొగ వస్తే ఏం చేస్తారు?’ అనేది ఒక ప్రశ్న. “ముందు గ్యాస్ కట్టేస్తాను, తర్వాత కిటికీ తీస్తాను, తర్వాత పక్కింటివాళ్లని పిలుస్తాను,” అన్నాడు. పిలవడం మొదట రావాలని మా పుస్తకంలో ఉంది. ఇలాంటివాటికి అర మార్కు ఇవ్వొచ్చు, ఇవ్వకపోనూవచ్చు, అది పరీక్ష పెట్టేవాళ్ల విచక్షణ. పద్నాలుగు చోట్ల నా విచక్షణ ఒకే వైపు వాలింది. మొత్తం మాత్రమే ఇంకొకరు సరిచూస్తారు, జవాబులు ఎవరూ చూడరు.

చివర ఒక పాత సంఘటన చెప్పమంటాం. నేను కావాలనే అడిగాను: “ఉద్యోగంలో మీరు బాధపడ్డ సంగతి ఒకటి చెప్పండి.”

చెప్పాడక్కా. నీ గురించే చెప్పాడు. “తరగతిలో ఒకమ్మాయి ఉండేది, లెక్కల్లో నాకంటే చురుకు. పరీక్షలో కాపీ కొట్టిందని ఇంటికి చీటీ పంపాను. తర్వాత తేలింది, మిగతావాళ్లే ఆ పిల్లది చూసి రాశారని. చెబుదామనుకుంటే ఆ పిల్ల మళ్లీ స్కూలుకే రాలేదు. ఇంటికి వెళితే తండ్రి గుమ్మంలోంచే పంపించేశాడు,” అని భోరున ఏడ్చాడు.

చెంపదెబ్బ సంగతి ఎత్తనే లేదు! ఎంత చక్కగా తుడిచేశాడో! ‘ప్రధాన ఘటన పూర్తిగా మరచిపోయారు’ అని రాసి సున్నా వేశాను. ఆ ఏడుపు ఉంది చూశావా, ఆ జబ్బు చేసినవాళ్లకి అదుపు లేని ఏడుపు ఒక లక్షణం. ‘ఉద్వేగాలపై నియంత్రణ లోపించింది’ అని రాశాను. ఇంట్లో ఉండనివ్వాలంటే డెబ్బై రావాలి. అరవై నాలుగు దగ్గర ఆపాను.

వచ్చే సోమవారం మేనకోడలు సామాను సర్దిస్తోందట. ఇంటికొచ్చి నాన్నకి గడ్డం గీస్తూ పాట పాడాను. నాన్న ఎందుకమ్మా అంత సంతోషం అంటే, “అక్క చెవి తాలూకు,” అన్నాను. ఆయన కింద పోతున్న బస్సు నంబరు చదివారు.

నువ్వు తిట్టుకున్నా సరే.

పిచ్చుక


మార్చి 5

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

నివేదిక నకలు ఫైల్లో పెడుతూ మొదటి పేజీ చూశాను. మెదడు పరీక్ష ఏదైనా సరే, పేరు తర్వాత మేం నింపే మొదటి గడి చేతి వాటం. నా రాతతోనే ఉంది: ‘ఎడమ. పుట్టుకతో.’

నాకు ఆ నిమిషం మొత్తం గుర్తొచ్చింది. పెన్సిల్ ఎడమ చేత్తో అందుకుంటూ, “ఎడమ చేత్తో బోర్డు మీద రాస్తే రాసింది రాసినట్టే అరచేత్తో తుడిచేసుకునేవాణ్ణమ్మా, పిల్లలు ఒకటే నవ్వు,” అన్నాడు. నేను విన్నాను. రాసుకున్నాను. గడియారం బొమ్మ వేస్తున్నంతసేపూ ఆ ఎడమ చేతినే చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా నిలబడి ఎడమ చేత్తో కొడితే నీ కుడి చెంప పగలాలి. ముందు పోయింది నీ ఎడమ చెవి, కుడిది ఆ తర్వాత మెల్లగా పోయింది. రెండు గంటలపాటు ఈ రెండు ముక్కలూ నా తలలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని!

నిజం చెప్పు. ఇంకెవరో మాస్టారా? డ్రిల్లు మాస్టారా? పరువు పోతుందని స్కూలువాళ్లు పేరు మార్చి చెప్పారా? అసలువాణ్ణి ఎందుకు కాపాడుతున్నావు? వాడు బతికే ఉన్నాడా? పేరు చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటాను. ఈసారి మార్కులతో సరిపెట్టను.

నాన్ననీ అడిగాను. “ఆ లెక్కలాయనే. వాడి చెయ్యి పడిపోను,” అన్నారు. మొన్నేమో వదిలెయ్యమన్నారు. నాకేమీ పాలుపోవడం లేదు.

పిచ్చుక


మార్చి 12

పిచ్చుకకి,

నీ ఉత్తరాలు రెండూ ఒకేరోజు ఇచ్చాడు పోస్టాయన. రెండూ చదివి, మా షాపాయన మొహాన ‘ఈ పూట పని లేదు’ అని చీటీ పెట్టి ఇంటికొచ్చేశాను.

మా తరగతి గదికి నలుపు తెలుపు గచ్చు లేదు. చెక్క నేల. నడిస్తే డబడబలాడేది. నలుపు తెలుపు గచ్చు మన వంటింటిది.

నువ్వు తలుపు దగ్గర నిలబడ్డ మాట నిజమే. వంటింటి తలుపు. గడియారం నీ కాలి దగ్గరికి రావడమూ నిజమే. నువ్వే ఎత్తి ఇచ్చావు. ఎవరికిచ్చావో ఇప్పుడైనా గుర్తొచ్చిందా?

మాస్టారు పంపిన చీటీ చదివాడు. నేను నోరు తెరిచేలోపే అయిపోయింది. నువ్వు మూడు రోజులు ఆయన చేత్తో పెడితే తినలేదు, ఆయన గదిలోకొస్తే మంచం కింద దూరేదానివి. అమ్మ భయపడింది. చెవి చూసిన డాక్టరుకి ఏ అబద్ధం చెప్పిందో అదే నీకూ చెప్పింది, మాస్టారు కొట్టాడమ్మా, నువ్వు చూసింది అదే అని. రోజూ చెప్పింది. వారం తిరిగేసరికి నువ్వు ఆయన ఒళ్లో ఉన్నావు. నేను మంచం మీద పడుకుని చెవిలో దూది పెట్టుకుని చూశాను. స్కూలుకి పంపితే అక్కడ చెబుతానని స్కూలు మానిపించారు. పదహారో ఏట బైండింగులో చేరాను.

ఎందుకు చెప్పలేదంటావు. ఇంట్లో ఒక్కదానికైనా తండ్రి ఉండనీ అనుకున్నాను. అది సగం. రెండో సగం కూడా రాస్తాను, నువ్వు నన్ను మహాత్మురాలన్నావు కదా. నీ మీద కోపం ఉండేది. చూసినదానివి నువ్వొక్కదానివే, నువ్వే మరచిపోయావు. ఆయనకి నువ్వు గడ్డం గీస్తున్నానని, గోళ్లు తీస్తున్నానని రాసినప్పుడల్లా, చెయ్యవే తల్లీ, బాగా చెయ్యి అనుకునేదాన్ని. కొన్ని రోజులు ఆ ఆలోచనతోనే కడుపు నిండేది. నాకు పగ లేదనుకున్నావా? నీకంటే నేనే బాగా పట్టాను. ముప్పై ఎనిమిదేళ్లయింది, నా ఉత్తరాల్లో ఆ మనిషిని ఒక్కసారైనా వరసతో పిలిచానేమో వెతుక్కో.

మాస్టారు నన్ను కొట్టలేదు. ఆ నివేదిక వెనక్కి తీసుకో. నీ ఉద్యోగం పోయినా సరే.

అక్క


మార్చి 30

అక్కా,

రెండు వారాలు రాయలేకపోయాను. పని మాత్రం నీ ఉత్తరం అందిన మర్నాడే చేశాను.

మా విభాగం పెద్దావిడ గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“కొత్తగా వచ్చే పిల్లలకి, సొంత కోపం మార్కుల్లోకి ఎలా దూరుతుందో పాఠం ఎవరు చెబుతారు ఇక్కడ?”

“నేనే మేడమ్.”

“ఎన్నేళ్లుగా?”

“పదకొండు.”

“బాగుంది. కాగితం తీసుకో, రాయి.”

రాసిచ్చాను. ఏడాదిపాటు నా సంతకం ఏ నివేదిక మీదా చెల్లదు. చెక్క ముక్కల పెట్టెలు సర్దిపెట్టే పని ఇచ్చారు. పక్క గదాయన మళ్లీ పరీక్ష పెట్టాడు. డెబ్బై ఒకటి. కానీ ఆ మూడు వారాలూ ఆయన ఆశ్రమంలోనే ఉన్నాడు, లోపలివైపు పిడి లేని తలుపు ఉన్న గదిలో. మొదటిరోజు నా గదిలో చూసిన మనిషికీ ఇప్పుడు చూసిన మనిషికీ తేడా నాకు తెలుసు. డెబ్బై ఒకటి కాదు ఆయనది. నేను కోసినవన్నీ తిరిగి వేస్తే డెబ్బై ఎనిమిది.

ఆయన ఇంటికి చేరిన మర్నాడు వెళ్లాను. ఆ అమ్మాయి మా అక్క అని చెప్పాను. నేను చేసింది కూడా చెప్పాను. ఎడమ చేత్తో మోకాలు రాసుకుంటూ, “లెక్కలు మానేసిందా?” అని అడిగాడు. పుస్తకాలు కుడుతుంది అన్నాను. “ఎన్ని పేజీలకి ఒక మడత?” అన్నాడు. నాకు తెలీదు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ నిన్ను అడగనే లేదు.

ఆయన ఏడుపుని జబ్బు అని రాశానక్కా. నా జ్ఞాపకానికి ఏ పేరు పెట్టాలి? నేను చూసిందాంట్లో చెయ్యి నిజం, గడియారం నిజం, దెబ్బ నిజం, నా కోపమంతా నిజం. ముఖం ఒక్కటే అతికించింది. నాకు ఇష్టమైన ముఖాన్ని అక్కడ ఉంచుకోలేక ఆరేళ్ల పిల్ల తల దాన్ని మార్చేసుకుంది. అమ్మ అందించింది, నేను అతికించుకున్నాను. ఇప్పుడు అసలు ముఖం పెట్టి చూడబోతే రావడం లేదు. నువ్వు రాశావు కాబట్టి నమ్ముతున్నాను. నమ్మడం వేరు, గుర్తుండటం వేరు.

కోపం మాత్రం దాని దారి అది కనుక్కుంది. కిటికీ దగ్గర ఆయన బస్సుల నంబర్లు చదువుతుంటే లేచి వంటింట్లోకి పోతున్నాను. గడ్డం గీయడం మానేశాను, బార్బరుని పిలుస్తున్నాను. ఆయన్ని నిలబెట్టి అడుగుతాను, నీ నోటితో నువ్వే చెప్పు అని. నువ్వు ఊ అను చాలు.

పిచ్చుక


ఏప్రిల్ 6

పిచ్చుకకి,

పదహారు పేజీలకి ఒక మడత. మాస్టారుకి చెప్పు. క్షమించానని మాత్రం చెప్పకు. నన్ను అడక్కుండా ఆ చీటీ రాసింది ఆయనే. బాధపడ్డాడు కాబట్టి మడతల లెక్క చెబుతున్నాను, అంతవరకే.

నువ్వు ఏమీ అడగొద్దు. అడిగితే ఏమవుతుంది? లెక్కలాయనే అంటాడు. ఇన్నేళ్లు చెప్పీ చెప్పీ ఆయనకి కూడా అదే నిజమైపోయి ఉంటుంది. లేదా ఏడుస్తాడు, నువ్వు కరిగిపోతావు. నాకు తెలీదా నీ సంగతి? నీకు ఒక్కపూట కోపం, రెండోపూట జాలి.

ఇది నాది. నీ చేతికివ్వను.

కోర్టు రిజిస్టర్లు పదో తేదీకి అయిపోతాయి. ఇరవైన వస్తున్నాను. ఆయనకి ఎదురుగా ఒక కుర్చీ వెయ్యి. మాట్లాడాలని కాదు. ఆయన ఏమన్నా నాకు ఎలాగూ వినిపించదు, అది ఆయన చేతి చలవే. ఎదురుగా కూర్చుంటాను. ఎన్ని రోజులు కూర్చుంటానో నాకే తెలీదు. సెలవు అడిగితే మా షాపాయన ‘ఎన్నాళ్లు’ అన్నాడు, అర్థం కానట్టు మొహం పెట్టాను.

నేనొస్తున్నానని ఆయనకి చెప్పు. ఎందుకో చెప్పకు. చెప్పినప్పుడు మొహం ఎలా పెట్టాడో ఒక్కటి పొల్లుపోకుండా రాయి.

అక్క


ఏప్రిల్ 14

అక్కా,

కుర్చీ వేశాను. కిటికీకి అడ్డంగా, ఆయనకి బస్సులు కనిపించకుండా.

నువ్వు చెప్పినట్టే చేశాను, ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. పొద్దున టిఫిన్ తింటున్నాడు. కుడి చేత్తో చెంచా.

“అక్క వస్తోంది,” అన్నాను.

“ఏ అక్క?”

“మా అక్క. మీ పెద్దకూతురు.”

“ఓహో. రానీ,” అని నవ్వాడు. మొహంలో ఏమీ లేదు. నువ్వు పొల్లుపోకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను: ఏమీ లేదు. కనుబొమ కదల్లేదు. ఎవరు ఈ పెద్దకూతురు అన్నట్టు ఒకసారి నన్ను చూశాడు, పాలు వేడిగా ఉన్నాయన్నాడు. నిన్ను మరచిపోయాడని తేలిపోయింది. నువ్వు అంతదూరం నుంచి వచ్చి, నిన్ను ఎరగని మనిషి ఎదురుగా కూర్చుంటావా అనిపించింది. రావొద్దని రాద్దామనుకుని గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి చెంచా ఎడమ చేతిలోకి మారింది. ఆయనకి ఆ చెయ్యి అలవాటు లేదు. చొక్కా మీద, ఒళ్లో, నేల మీద అంతా పోసుకుంటున్నాడు. కుడి చెయ్యి కనిపించలేదు. తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

“చెయ్యి ఏమైంది?” అన్నాను.

“ఏ చెయ్యి?” అన్నాడు. నటన కాదక్కా, ఈ మాటైనా నా చదువు మీద నమ్మి విను. నిజంగానే తెలీదు ఆయనకి. తల మరచిపోయింది.

మధ్యాహ్నం కూడా అంతే. సాయంత్రం బార్బరు వచ్చి, కుడి వైపు తిరగండి తాతగారూ అంటే, ఆ చెయ్యి దుప్పటి కిందకి ఇంకా లోపలికి పోయింది. ఇవాళ మూడో రోజు. నీ మాట ఎత్తకపోయినా సరే, తలుపు చప్పుడైతే చాలు.

ఇదివరకైతే దగ్గర కూర్చుని, నిమిరి, మెల్లగా బయటికి తీసేదాన్ని. చెంచా పట్టించేదాన్ని. ఇప్పుడు నేల మీద పడింది తుడుస్తున్నాను, అంతే. ఆ చెయ్యి నేను తియ్యను. నువ్వొచ్చి తియ్యి.

పిచ్చుక